ఇంట్లో కొవ్వొత్తులు చేయాలంటే ఏ మైనం, ఏ ఒత్తి, ఏ గ్లాసు?

కొవ్వొత్తుల తయారీ సరదాగా మొదలుపెడదామనుకునే ప్రతి ఒక్కరూ మొట్టమొదట అడిగేది, "సోయా మంచిదా, పారాఫిన్ మంచిదా?" అని. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ ముక్క పట్టుకుని రెండు కిలోలు ఆర్డర్ పెట్టేశాక, తాము చేయాలనుకున్నదానికి ఆ మైనం పనికిరాదని తెలిసి దిగాలుపడ్డవాళ్లను చాలామందిని చూశాను. మైనం సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఆ కొవ్వొత్తి ఏ ఆకారంలో ఉంటుంది, ఎక్కడ వెలుగుతుంది, ఏ నెలలో వెలుగుతుంది అన్నవి. అవి తేలితే మైనం సగం దానంతటదే తేలిపోతుంది. ఇక కొవ్వొత్తి బాగా వెలగడమా, పొగచూరడమా అన్నది చాలావరకు ఒత్తి చేతిలో ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ అడగరు.

నెల సంగతి ఎందుకంటే, మనం చూసే వీడియోల్లో ఎక్కువ భాగం చలి దేశాల్లో తీసినవి. అక్కడి గది 20 డిగ్రీలు ఉంటుంది. మన విజయవాడలో, రామగుండంలో మే నెల ఎండ 45 దాకా వెళుతుంది, ఏసీ లేని గదిలో అలమారా లోపల కూడా 37, 38 ఉంటుంది. పైగా నెత్తిన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ వీడియోల్లో ఈ వేడీ లేదు, ఈ గాలీ లేదు. అందుకే అక్కడ మంచిదన్న ప్రతిదీ ఇక్కడ మంచిది కాదు.

ముందు ఆకారం

ఇంట్లో చేసుకోగలిగేవి ప్రధానంగా రెండు రకాలు: గ్లాసులోనో డబ్బాలోనో పోసి అందులోనే వెలిగించేవి, అచ్చులో పోసి బయటికి తీస్తే సొంతంగా నిలబడేవి. మొదటిదాన్ని జార్ కొవ్వొత్తి అంటున్నారు, రెండోదాన్ని పిల్లర్. జార్‌లో మైనం మెత్తగా ఉన్నా ఇబ్బంది లేదు, గోడ గాజుది కాబట్టి. పైగా మెత్తని మైనమే గాజుకు అతుక్కుని చూడ్డానికి బాగుంటుంది. పిల్లర్‌కు గట్టి మైనం కావాలి, లేకపోతే ఎండాకాలంలో బల్ల మీదే నడుం వంచేస్తుంది.

దీపావళికి చేసే చిన్నచిన్నవి వేరే లెక్క. నీళ్లలో తేలేవి పిల్లర్ జాతికి చెందినవే. అడుగు సన్నంగా, పైభాగం వెడల్పుగా ఉండే చిన్న అచ్చులో గట్టి మైనం పోసి తీస్తారు. మైనం నీళ్లకంటే తేలిక కాబట్టి తేలడానికి ప్రత్యేకంగా ఏమీ కలపనక్కర్లేదు. మట్టి ప్రమిదల్లో పోసేవి జార్ జాతి. ఇక్కడో జాగ్రత్త ఉంది. నూనె దీపానికైతే ప్రమిదల్ని ముందురోజు నీళ్లలో నానబెట్టడం మన ఇళ్లలో అలవాటు, నూనె పీల్చకుండా. మైనానికి ఆ అలవాటు పనికిరాదు. మట్టిలో తడి ఉంటే వేడి మైనం పోసినప్పుడు నురగలు వస్తాయి, వెలిగించాక చిటపటమంటుంది. బాగా ఎండిన ప్రమిదలే తీసుకోండి. మట్టి కొంత మైనాన్ని ఎలాగూ పీల్చి అడుగున జిడ్డు వదులుతుంది కాబట్టి కింద ఒక పళ్లెం పెట్టండి. లోపల గాజు పూత ఉన్న ప్రమిదలు దొరికితే ఈ బాధే ఉండదు.

పూజగదికీ కార్తీక దీపానికీ ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు నా సలహా ఒకటే: ఆ పనికి నువ్వుల నూనె, ఆవు నెయ్యి ఉన్నాయి, వాటినే ఉండనివ్వండి. కొవ్వొత్తి హాల్లోకి, భోజనాల బల్ల మీదికి, ఇంకొకరికి ఇచ్చే కానుకకు. చర్చిలో వెలిగించడానికి చేస్తున్నారా, అది పూర్తిగా గట్టి మైనం పనే. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు వెళ్లినవాళ్లకు తెలుసు, వందల కొవ్వొత్తులు పక్కపక్కనే వెలుగుతుంటే ఒకదాని వేడి ఇంకొకదానికి తగిలి మెత్తనివన్నీ ఇట్టే వాలిపోతాయి.

మైనాలు

పారాఫిన్ మన కిరాణా కొట్లో తెల్ల కొవ్వొత్తి రూపంలో చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ముడి చమురును శుద్ధి చేసేటప్పుడు వస్తుంది. అన్నిటికంటే చవక, ఎక్కడైనా దొరుకుతుంది, రంగు బాగా పడుతుంది, వాసనను గదిలోకి బాగా వదులుతుంది. కొనేటప్పుడు కరిగే వేడిని బట్టి గ్రేడు అడగండి. 58–60 అని చెప్పేది పిల్లర్లకు, తేలేవాటికి, ప్రమిదలకు సరిపోతుంది. దానికి నూటికి 5 నుంచి 10 పాళ్లు స్టియరిక్ యాసిడ్ (కొవ్వుల నుంచి తీసే గట్టి తెల్లటి పదార్థం) కలిపితే ఇంకాస్త గట్టిపడుతుంది, పాలలాంటి తెలుపు వస్తుంది, అచ్చులోంచి సులువుగా ఊడుతుంది. మన ఎండలకు ఈ కలయిక నాకు బాగా నచ్చింది.

పారాఫిన్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే చల్లారేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. పోసిన అరగంటకు చూస్తే పైన పొర కట్టి చదునుగానే కనిపిస్తుంది. ఇంకో గంటకు ఒత్తి చుట్టూ బావిలా లోపలికి దిగిపోయి ఉంటుంది. పైన గుంట కనిపించకపోయినా లోపల గాలి గూడు ఉండొచ్చు. వెలిగించినప్పుడు మంట అక్కడికి చేరగానే కరిగిన మైనమంతా ఆ గూట్లోకి జారిపోతుంది. అందుకని పైపొర గట్టిపడుతూ ఉండగానే అగరుబత్తి పుల్లతో ఒత్తి పక్కన నాలుగైదు చోట్ల గుచ్చి, మిగిల్చి ఉంచుకున్న మైనాన్ని మళ్లీ కరిగించి రెండోసారి పోయాలి. ఈ రెండో పోతకు ఓపిక లేనివాళ్లకు పారాఫిన్ పిల్లర్లు సరిపడవు.

సోయా మైనం సోయా నూనెను గట్టిపరిచి చేసేది. 1990ల మొదట్లో అమెరికాలో తేనెమైనానికి చవకైన బదులు వెతుకుతూ తయారుచేశారు. మన దగ్గర పారాఫిన్‌కు రెండు మూడింతల ధర పలుకుతుంది. జార్‌లకు వాడే రకం 45 నుంచి 55 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. పెద్దగా కుంచించుకుపోదు, ఒకే పోతతో పని అయిపోతుంది. నిదానంగా వెలుగుతుంది. చేయి జారి బల్ల మీద పడ్డా వేడినీళ్లు, సబ్బుతో వదిలిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు జార్ కొవ్వొత్తులు చేయాలంటే దీనంత సుఖమైనది లేదు.

కానీ దాని మెత్తదనమే మన ఎండాకాలంలో దాని బలహీనత. ఏప్రిల్, మే నెలల్లో సోయా కొవ్వొత్తి పైన చిన్నచిన్న నూనె బొట్లు చెమటలా పడతాయి. కలిపిన సెంటు మైనంలోంచి బయటికి వస్తోందన్నమాట. తుడిచేస్తే మళ్లీ బాగానే వెలుగుతుంది గానీ కానుకగా ఇవ్వడానికి బాగోదు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మాత్రం పూర్తిగా కరిగిపోతుంది, మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. మే నెలలో సోయా కొవ్వొత్తిని కొరియర్‌లో పంపాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. చలికాలంలో ఇంకో రకం వేషం వేస్తుంది: పైన తెల్లగా ఉప్పు పట్టినట్టు పొర వస్తుంది, రంగు వేసినవాటిలో బాగా కనిపిస్తుంది. అది పాడైపోవడం కాదు, ఆ మైనం గట్టిపడే తీరే అంత. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉంటూ డిసెంబరులో చేసే మనవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది. గ్లాసుల్ని ముందే కాస్త వెచ్చబెట్టి పోస్తే తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను. ఆ రంగులు తగ్గించి తెల్లగానే చేస్తే ఆ పొర కనపడనే కనపడదు.

"పారాఫిన్ విషం, సోయా స్వచ్ఛం" అన్న ప్రచారం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. కొవ్వొత్తి నుంచి వచ్చే మసికి అసలు కారణం మైనం పేరు కాదు, ఒత్తి మరీ పొడవుగా ఉండటం, మరీ మందంగా ఉండటం, గాలికి మంట అల్లల్లాడటం. కదలకుండా నిలిచిన మంటలో పారాఫిన్ అయినా శుభ్రంగానే మండుతుంది. ఫ్యాన్ కింద పెట్టిన సోయా కొవ్వొత్తి గ్లాసు అంచు గంటలో నల్లబడుతుంది. చమురుతో చేసినది వాడటం ఇష్టం లేక సోయా ఎంచుకుంటే అది గౌరవించదగ్గ నిర్ణయం. ఆరోగ్యం పేరుతో భయపెట్టి రెండింతల ధరకు అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. ఏ మైనమైనా గదిలో కిటికీ కాస్త తెరిచి ఉంచడం మంచిది, ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో సెంటు కొవ్వొత్తి అసలు వద్దు.

తేనెమైనం వీటన్నిటికీ పెద్దక్క. 62–64 డిగ్రీల దాకా కరగదు, అంటే మన మే నెలను తట్టుకుంటుంది. సెంటు అక్కర్లేదు, దాని వాసన దానికుంది. వెలుగు పసుపు ఛాయలో, నిండుగా ఉంటుంది. ధర మాత్రం సోయాను కూడా మించిపోతుంది. గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె మనలో చాలామందికి పరిచయమే. అలాంటి తేనె పట్టును పిండాక మిగిలేదే ఈ మైనం. ముడి మైనం దొరికితే నీళ్లలో వేసి సన్నసెగ మీద కరిగించి, పాత నూలుగుడ్డలో వడగట్టి, కదిలించకుండా చల్లారనివ్వండి. మైనం పైన బిళ్లలా తేలుతుంది, మడ్డి దాని అడుగున అంటుకుని ఉంటుంది, కత్తితో గీకేయొచ్చు. కల్తీ చాలా ఎక్కువ. చిన్న ముక్కను వేళ్ల మధ్య కాసేపు నలిపి చూడండి: తేనెమైనం వెచ్చబడి ముద్దలా సాగుతుంది, పారాఫిన్ కలిసినది పొడిపొడిగా విరుగుతుంది, జారుతుంది. తేనెమైనం పలకలుగా కూడా వస్తుంది. ఒత్తి పెట్టి చాపలా చుట్టేస్తే కొవ్వొత్తి తయారు, పొయ్యి పని లేదు. చిన్నపిల్లలతో కలిసి చేయాలనుకునేవాళ్లు అన్నీ వదిలి ఇదే తెచ్చుకోండి.

మిగతావి క్లుప్తంగా. పామ్ మైనం గట్టిది, చల్లారేటప్పుడు ఈకల్లాంటి స్ఫటికాల అందం వస్తుంది, కానీ ఆ అందం కోసం చాలా నెమ్మదిగా చల్లార్చాలి. రెండో ఏడాది చేయదగ్గ పని. కొబ్బరి మైనం కలిపినవి వెన్నలా నునుపు, మన వేడికి అంతే త్వరగా జారిపోతాయి. ఏసీ గదికే. గాజులా మెరిసే జెల్ మైనం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని 95 డిగ్రీలు దాటించి కరిగించాలి, అన్ని సెంట్లూ అందులో కలవవు, మంట కూడా వేడెక్కువ. కొత్తవాళ్లకు నేను చెప్పను.

ఇక ఏదీ కొనకముందే చేయి తిరగాలంటే, కిరాణా కొట్లో నాలుగు తెల్ల కొవ్వొత్తుల ప్యాకెట్లు తెచ్చి, ముక్కలు చేసి కరిగించి, లోపలి దారాలు తీసేసి మళ్లీ పోయండి. అది పారాఫినే. నేర్చుకోవడానికి అంతకంటే చవకైన దారి లేదు.

అసలు మెలకువ ఒత్తిలో ఉంది

దీపానికి చేసుకునే పత్తి ఒత్తిని కొవ్వొత్తిలో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టకండి. పేనిన పత్తి ఒత్తి ద్రవంగా ఉన్న నూనెను పీల్చడానికి సరిపోతుంది, కొస నల్లబడినప్పుడల్లా మనమే పుల్లతో ఎగదోస్తుంటాం. కొవ్వొత్తి ఒత్తి తన కొసను తానే కాల్చేసుకోవాలి. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన జడలా అల్లిన ఒత్తిని తెచ్చేదాకా, అక్కడ కూడా వెలుగుతున్న కొవ్వొత్తి ఒత్తిని మాటిమాటికీ కత్తెరతో కత్తిరించాల్సి వచ్చేది. అల్లిన ఒత్తి కాలుతూ ఒక పక్కకు వంగుతుంది. వంగిన కొస మంట అంచులోకి, బాగా వేడిగా ఉండే చోటికి వెళ్లి బూడిదైపోతుంది. కాబట్టి కొనేది అల్లిన నూలు ఒత్తే అయ్యుండాలి, ముందే మైనం పట్టించి అడుగున చిన్న రేకు బిళ్ల ఉన్నదైతే ఇంకా మేలు.

లోపల తీగ ఉన్న ఒత్తులు కొన్ని వస్తాయి. ఒకప్పుడు ఆ తీగ సీసంతో చేసేవారు. అమెరికా 2003లో సీసం ఒత్తుల్ని నిషేధించింది. ఇప్పుడు తీగ ఉంటే ఎక్కువగా జింకుదే ఉంటుంది, కానీ పేరూ ఊరూ లేని చవక ఒత్తి చేతికొస్తే ఆ తీగను తెల్ల కాగితం మీద గీసి చూడండి. పెన్సిల్ గీతలా బూడిదరంగు పడితే పారేయండి. ఇంట్లో సరదాకు చేసుకునేవాళ్లకు తీగ లేనివే సరిపోతాయి.

చెక్క ఒత్తి గురించి కూడా అడుగుతుంటారు. పొయ్యిలో కట్టెలా చిటపటమనే చప్పుడు, వెడల్పాటి మంట, అందంగానే ఉంటుంది. ఫ్యాన్ గాలికి మొట్టమొదట ఆరిపోయేది కూడా అదే. ఏసీ గదిలో, ఫ్యాన్ ఆపి, ప్రత్యేకంగా వెలిగించుకునేవాళ్లకైతే సరే.

ఒత్తి మందం ఎంత అన్నదానికి సూత్రం గ్లాసు లోపలి వెడల్పు. వెడల్పు పెరిగేకొద్దీ మందం పెరగాలి. అదే గ్లాసుకు పారాఫిన్ కంటే సోయాకు ఒక సైజు పెద్దది కావాలి, తేనెమైనానికి ఇంకా పెద్దది. ఎందుకంటే అవి చిక్కగా ఉండి ఒత్తిలోకి ఎక్కడం కష్టం. అమ్మేవాళ్లు ఇచ్చే పట్టిక ఒక మొదలు మాత్రమే. సరైన సైజు మీ గ్లాసు, మీ మైనం, మీ సెంటు కలిసి చెప్పాలి. దానికి పరీక్ష ఇలా చేయండి.

ఒకేలాంటి మూడు గ్లాసులు, లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు అనుకుందాం. మూడింటిలో ఒకే మైనం, కానీ సన్నది, మధ్యస్థం, మందం మూడు ఒత్తులు. పారాఫిన్ అయితే రెండ్రోజులు, సోయా అయితే కనీసం వారం ఆగండి. తర్వాత ఫ్యాన్ ఆపిన గదిలో ఒకేసారి వెలిగించి మూడు గంటలు దగ్గర కూర్చోండి. సన్న ఒత్తి ఉన్నదానిలో మంట చిన్నబోయి ఉంటుంది, చుట్టూ రూపాయి బిళ్లంత మేర మాత్రమే కరుగుతుంది. గ్లాసు గోడ వెంబడి వేలెడు మందాన మైనం కరగకుండా నిలబడిపోతుంది. అలాగే వదిలేస్తే మధ్యలో సొరంగం పడి ఒత్తి మునిగి ఆరిపోతుంది. మందం ఒత్తి ఉన్నదానిలో మంట పొడుగ్గా సాగి ఆడుతుంటుంది, కొసన నల్లటి పుట్టగొడుగు మొలుస్తుంది, గ్లాసు అంచున మసి గీత కనిపిస్తుంది, పక్కన వేలు పెడితే చురుక్కుమంటుంది. సరైనదానిలో మంట నిలకడగా ఉంటుంది. మూడు గంటలకు కరిగిన మైనం గోడదాకా చేరుతుంది, లోతు ఒక సెంటీమీటరు మించదు. వెడల్పులో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు సుమారు ఒక గంట అన్నది గుర్తుపెట్టుకుంటే చాలు.

సెంటు మార్చినా, రంగు ఎక్కువ వేసినా, మైనం కంపెనీ మారినా ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. అందుకే కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: ఆరు రకాల గ్లాసులు కొనకండి. ఒకే గ్లాసు, ఒకే మైనం పట్టుకుని, దానికి ఒత్తి కుదిరేదాకా ఉండండి. కొత్తలో ఖర్చు ఒత్తుల మీద పెట్టండి, పది రకాల సెంట్ల మీద కాదు. పది సెంటీమీటర్లు దాటిన వెడల్పు పాత్రకు ఒక్క లావు ఒత్తి కంటే రెండు మూడు మధ్యస్థం ఒత్తులు మేలు, కానీ అది తర్వాతి సంగతి.

గ్లాసు, డబ్బా, కొబ్బరి చిప్ప

పల్చటి మంచినీళ్ల గ్లాసు వద్దు, చివరి దశలో మంట అడుగుకు దగ్గరైనప్పుడు పగులుతుంది. మందపాటి గ్లాసు, లేదా జామ్ వచ్చిన సీసా మంచిది. వేడిగా నింపడానికి చేసిన సీసా కాబట్టి వేడిని ఓర్చుకుంటుంది. మూతి మాత్రం నడుముకంటే ఇరుకుగా ఉండకూడదు, గాలి ఆడక మంట పొగచూరుతుంది. రేకు డబ్బా పగలదు, కొరియర్‌కు తేలిక, కానుకకు అనువు. కాకపోతే అడుగు బాగా కాలుతుంది, టీపాయ్ పాలిష్ మీద నేరుగా పెట్టకండి. స్టీలు గ్లాసులదీ అదే సంగతి.

కొబ్బరి చిప్పలో కొవ్వొత్తి ఫోటోలో ఎంత బాగుంటుందో నిజంగా వెలిగించినప్పుడు అంత ప్రమాదం. చిప్పే కాలే వస్తువు. పైన ఎండిన గులాబీ రేకలు, కాఫీ గింజలు, దాల్చినచెక్క అతికించడం కూడా అంతే, అవి కరిగిన మైనంలో తేలుతూ ఒత్తి దగ్గరికి వచ్చి తామే ఒత్తులైపోతాయి. అలంకారం కావాలంటే గ్లాసు బయట పురికొసతో కట్టండి.

సెంటు, రంగు

మొక్కల నుంచి తీసిన ఎసెన్షియల్ ఆయిలా, కొవ్వొత్తుల కోసం చేసిన ఫ్రాగ్రెన్స్ ఆయిలా? పూల వాసనలు కావాలంటే ఫ్రాగ్రెన్స్ ఆయిలే. అసలైన మల్లె సారం ధర చూస్తే ఎవరూ దాన్ని కొవ్వొత్తిలో పోసి కాల్చరు. మల్లె, సంపెంగ అని తక్కువకు అమ్మేవన్నీ తయారుచేసిన వాసనలే, అందులో తప్పేమీ లేదు. నిమ్మగడ్డి, నీలగిరి తైలాలు చవకగా అసలువే దొరుకుతాయి, వాసన కాస్త నిలబడుతుంది. నారింజ, నిమ్మ తొక్కల నూనెలు వేడికి ఇట్టే ఎగిరిపోతాయి. ఒంటికి కొట్టుకునే పెర్ఫ్యూమ్, బాడీ స్ప్రే మాత్రం ఎప్పుడూ పోయకండి. వాటిలో ఉన్నది చాలావరకు ఆల్కహాల్, వేడి మైనం దగ్గర అది భగ్గుమంటుంది. సిట్రొనెల్లా కొవ్వొత్తి పెట్టి దోమలు పోతాయనుకోవద్దు, దోమతెర తీయకండి.

ఎంత పోయాలి అన్నదానికి మైనం బరువులో నూటికి 6 పాళ్లతో మొదలుపెట్టండి. గ్లాసులో 150 మిల్లీలీటర్ల మేర పోస్తే మైనం బరువు సుమారు 135 గ్రాములు, సెంటు 8 గ్రాములు. సోయాలో 10 దాకా వెళ్లే మైనాలున్నాయి గానీ ఎక్కువ పోస్తే ఎక్కువ వాసన వస్తుందనేమీ లేదు. మిగిలిపోయిన నూనె ఒత్తిని మూసేస్తుంది, ఎండాకాలంలో పైకి తేలుతుంది. సోయాలో వాసన మైనంతో కలిసి స్థిరపడటానికి వారం పది రోజులు పడుతుంది. ఈరోజు చేసి రేపు వెలిగించి వాసన రాలేదని సెంటును తిట్టుకోవద్దు. పారాఫిన్‌కు రెండు మూడు రోజులు చాలు. దీపావళి వారంలో హడావుడిగా చేసేవాళ్లకు ఇదొక్కటే పారాఫిన్ వైపు మొగ్గడానికి సరిపోయే కారణం.

రంగుకు మైనంలో కరిగే రంగు బిళ్లలు అడగండి. వంటల్లో వాడే రంగు నీళ్లలో కరిగేది, మైనంలో కలవదు. పసుపు, కుంకుమ, క్రేయాన్ ముక్కలు కలిసినట్టే కనిపిస్తాయి, కానీ వాటి సన్నని పొడి ఒత్తిలో ఇరుక్కుని మంటను చంపేస్తుంది.

గ్యాసా, ఇండక్షనా

అవకాశం ఉంటే ఇండక్షన్. మైనం దగ్గర బహిరంగ మంట లేకపోవడమే పెద్ద రక్షణ. గ్యాసే ఉన్నా ఇండక్షన్ ఉన్నా, పెద్ద గిన్నెలో నీళ్లు పెట్టి అందులో మైనం గిన్నె ఉంచి కరిగించాలి. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం కూడా హద్దు మీరదు. నేరుగా మంట మీద పెట్టిన మైనం పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది, నీళ్లలా మరిగి హెచ్చరించదు, వేడి మితిమీరితే ఒక్కసారిగా అంటుకుంటుంది. పార్లర్లలో వాడే వ్యాక్స్ హీటర్ ఇంట్లో ఉంటే చిన్న మొత్తాలకు అదీ పనికొస్తుంది.

ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయకూడదు. పోసిన నీళ్లు ఆవిరై మండే మైనాన్ని గది అంతా చిమ్ముతాయి. స్టవ్ ఆపి, గిన్నె మీద మూత జార్చి మూసేసి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. అందుకే ఆ గిన్నెకు సరిపడే మూత పక్కనే పెట్టుకుని పని మొదలుపెట్టాలి. చర్మం మీద మైనం పడితే వెంటనే పీకకుండా కుళాయి కింద 20 నిమిషాలు ఉంచండి. మిగిలిన మైనం సింకులో పోయొద్దు, పైపులో గడ్డకడుతుంది. కాగితం గ్లాసులో పోసి ఆరనిచ్చి తర్వాతిసారి వాడుకోండి.

వేడి లెక్కలు: సోయాను 80 డిగ్రీలు దాటించి కరిగించి, 80 దగ్గర సెంటు కలిపి రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, 60కి దిగాక గ్లాసులో పోయండి. పారాఫిన్‌ను అచ్చులో పోయడానికి 75–80 బాగుంటుంది. ఫ్యాన్ ఈ పని జరుగుతున్నంతసేపూ, గట్టిపడేదాకా కూడా ఆపి ఉంచండి. ఒక పక్క త్వరగా చల్లారితే పైభాగం గరుకుగా తేలుతుంది.

మొదటి కొనుగోలు

జార్ కొవ్వొత్తులు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య మొదలుపెడుతుంటే సోయా ఒక కిలో. మార్చి తర్వాత మొదలుపెడుతుంటే, లేదా పిల్లర్లు, తేలేవి, ప్రమిదలు చేయాలంటే 58–60 పారాఫిన్ ఒక కిలో, స్టియరిక్ యాసిడ్ 100 గ్రాములు. రెండూ వద్దు, చిన్నపిల్లలతో ఒక మధ్యాహ్నం గడిపితే చాలనుకుంటే తేనెమైనం పలకలు.

వీటితో పాటు ఒక గ్రాము దాకా చూపే డిజిటల్ కాటా, వంటింటి థర్మామీటర్, మూతి వంపు ఉన్న స్టీలు జగ్గు (దీన్ని ఇక వంటకు వాడకూడదు), అన్నీ ఒకే సైజు గ్లాసులు నాలుగు, మూడు సైజుల్లో అల్లిన ఒత్తులు సైజుకు పది. ఒత్తి నిటారుగా నిలబెట్టే కర్ర ముక్కలు కొనక్కర్లేదు, ఐస్‌క్రీం పుల్ల మధ్యలో రంధ్రం పెట్టినా, రెండు పుల్లలకు రబ్బరు బ్యాండ్ వేసినా సరిపోతుంది. వెలిగించే ప్రతిసారీ ఒత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించడానికి గోళ్లు తీసే కట్టర్ చాలు. సెంటు మొదటి విడతలో తెప్పించకండి. వాసన లేని కొవ్వొత్తిలో ఒత్తి కుదిరాక, ఒకే ఒక్క సెంటు 50 గ్రాముల సీసా తెప్పించుకుని ఆ మూడు గ్లాసుల పరీక్ష మళ్లీ పెట్టుకోండి.